బిళ్ళ పెట్టినంత సులువు

రాయమల్లు కూతురు మమతకు నర్సు కావాలని ఆరో తరగతి నుంచి పట్టుదల. 2007లో ఇంటర్ మంచి మార్కులతో గట్టెక్కింది. ఇక తేలాల్సిందల్లా ఎన్నేళ్ల చదువు అన్నదే. బీఎస్సీ నర్సింగ్ అయితే నాలుగేళ్లు. పెద్ద దవాఖానలో స్టాఫ్ నర్సు కావచ్చు, ఆపైన ఇంకా చదువుకోవచ్చు. చౌరస్తాలో మేడమీది ఇన్‌స్టిట్యూట్‌లో ఏఎన్ఎం అయితే పద్దెనిమిది నెలలు. పల్లెల్లో సూదులు వేస్తూ తిరగాలి, అంతకు మించి ఎదుగుదల కష్టం. రిటైరయ్యే లోపు రాయమల్లు బొగ్గు గనిలో దిగేది ఇంకా రెండేళ్లే. ఆ తర్వాత గోదావరిఖనిలో ఉంటున్న ఈ క్వార్టరు ఖాళీ చేయాలి. రెండేళ్లలో నాలుగేళ్లు పట్టవని అందరికీ తెలుసు గానీ, పిల్ల ముఖం చూసి ఎవరూ నోరు విప్పరు.

"నేను నాలుగేండ్లదే చదువుత బాపూ. సోమారం వరంగల్ల కౌన్సెలింగ్," అంది మమత.

రాయమల్లు సరేనన్నాడు. శుక్రవారం మొదటి షిఫ్టు ముగించుకుని, ఏదో ఘనకార్యం చేసినవాడిలా నవ్వుకుంటూ ఇల్లు చేరాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. వరంగల్ల సీటు రాకుంటే ఎట్ల? మేడమీద గూడ నీకో సీటు పట్టి పెట్టిన. నీ మార్కుల కాగితాలు ఆడ పెట్టొచ్చిన."

"జిరాక్సులే గదా?"

"అసలువే. అవి పెడితెనే సీటు ఆగుతదన్నరు."

మమత లేచి నిలబడింది. "గవి లేకుంటే కౌన్సెలింగ్ల నిలవడనియ్యరు బాపూ!"

"రేపు పోయి అడుగుదాం, ఇస్తరు. గనిల దిగేముందు లాంపు రూంల బిళ్ళ పెట్టి లాంపు తీసుకుంటం, పైకచ్చి లాంపిస్తే మన బిళ్ళ మనకిస్తరు. ముప్పై ఐదేండ్లల్ల నా బిళ్ళ ఒక్కనాడన్నా పోయిందా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. నంబరు చెక్కిన ఆ ఇత్తడి బిళ్ళ మీద ఉన్న నమ్మకాన్ని తీసుకెళ్లి ఎవడికో అప్పగించి వచ్చిన ఈ అమాయకుణ్ణి ఏమని తిట్టాలి?

శనివారం ఇన్‌స్టిట్యూట్ గుమాస్తా లింగమూర్తి కిటికీలోంచి తల కూడా ఎత్తలేదు. "కాగితాలు మంజూరుకని హైదరాబాద్ పోయినయ్. ఇప్పట్ల రావు." ఆదివారం తలుపులకు తాళం.

సోమవారం తొమ్మిదింటికే తండ్రీకూతుళ్లు మళ్లీ మేడ ఎక్కారు. కౌన్సెలింగ్ సాయంత్రం దాకా ఉంటుంది, ఇప్పుడు బస్సెక్కినా అందుతుంది. లింగమూర్తి పాత మాటే చెప్పాడు. అతని వెనకున్న బీరువాకు తాళం వేసి ఉంది. మమత ఆ బీరువా వైపే చూస్తోంది.

రాయమల్లు జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి కిటికీలో పెట్టాడు.

"ఇగో సారూ, ఇది లేకుంటే నన్ను గనిల దిగనియ్యరు. ఇది నీ దగ్గర పెట్టుకో. బిడ్డ కాగితాలియ్యి, చూయించి రేపే తెచ్చిస్తది."

లింగమూర్తి బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి ఇవతలికి తోశాడు. "గిది నేనేం జేసుకోవాలె కాకా? పదింటికి క్లాసు షురువైతది. పిల్ల ఎట్లాగూ వచ్చింది గదా, చేరినట్టు సంతకం పెట్టమను."

మమత ఆ బిళ్ళ తీసుకుని తండ్రి చొక్కా జేబులో వేసి, గుండీ పెట్టింది. తర్వాత రిజిస్టరులో సంతకం పెట్టింది.

"నువ్వు పో బాపూ, రెండో షిఫ్టు ఉన్నది గదా."

రాయమల్లు మెట్లు దిగబోతూ ఆగాడు. "పద్దెనిమిది నెలలైనంక కాగితాలిస్తరు గదా బిడ్డా? అప్పుడు నాలుగేండ్లది చదువుదువు."

అప్పటికి ఆయనకు గనిలో మిగిలేది ఆరు నెలలు.

"ఇస్తరు బాపూ," అని మమత క్లాసులోకి వెళ్లింది.