వంపు దగ్గర పేరంటాలు

పైడితల్లి రైలు కింద పడి పోయినప్పటి నుంచి త్రినాథరావు జీడి షెడ్డుకు ఆడవాళ్లు ఆలస్యంగా వస్తున్నారు.

షెడ్డు పలాస ఊరి చివర, రైలు కట్టను ఆనుకుని ఉంది. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్లది పట్టాలకు అవతలి పేట. కట్ట ఎక్కి, వంపు దగ్గర పట్టాలు దాటి దిగితే షెడ్డు వెనక తలుపు. పైడితల్లీ అలా వస్తూనే పోయింది. చలికాలపు మంచు, పైగా కొత్తగా వచ్చిన కరెంటు ఇంజన్లకు చప్పుడు తక్కువ. ఆ తర్వాత ఆమె కారేజీ పట్టుకుని వంపులో నిలబడుతోందనీ, పేరు పెట్టి పిలుస్తోందనీ, పలికినవాళ్ల కాళ్లు పట్టాల మీదే అతుక్కుపోతాయనీ పేటంతా చెప్పుకున్నారు. అందరూ లెవెల్ క్రాసింగు దగ్గరికి పోయి చుట్టూ తిరిగి రాసాగారు.

త్రినాథరావు దయ్యం ఉందనీ అనడు, లేదనీ అనడు. దానివల్ల సరుకుకు ఏమవుతుందన్నదే అతని లెక్క. కొట్టిన పప్పు వేళకు ఎండలో పడకపోతే తొక్క ఊడదు. చలికాలం ఎండే పిసరంత, అందులో సగం దయ్యం తినేస్తోంది.

దానికి విరుగుడు అతనికి తెలుసు. ముత్తైదువగా పోయిన మనిషికి చోటు చూపకపోతే దయ్యమవుతుంది. రాయి నిలిపి పసుపు కుంకుమలు పెడితే పేరంటాలై ఊరిని కాస్తుంది. కానీ ఆ పని ఇంటివాళ్లే చెయ్యాలి. పైడితల్లి అత్త అసిరమ్మ తన షెడ్డులోనే పిక్కలు కొడుతుంది. పిలిచి చెప్పాడు.

"రాయి, సీర, గాజులు నానే తెత్తాను. నువ్వు నిలబెడితే సాలు."

అసిరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇన్నాళ్లూ మంచులో నిలబడిపోనాది బావూ నా కోడలు. కూకోడానికి సోటిత్తన్నావు."

టెక్కలి నుంచి నల్లరాయి వచ్చింది. షెడ్డు వైపు కట్ట కింద నిలిపారు. మర్నాటి నుంచి ఆడవాళ్లు మళ్లీ పట్టాలు దాటి పొద్దున్నే వచ్చేశారు. రాయికి పెట్టిన ఖర్చు దండగ కాలేదనుకున్నాడు త్రినాథరావు.

పట్టాలు చూసుకుంటూ తిరిగే కీమేన్ సామ్యేలు ఒకరోజు సుత్తి భుజాన వేసుకుని షెడ్డు దగ్గర ఆగాడు.

"నాను సర్చికెల్లీవోణ్ని, మీ పేరంటాల సంగతి నాకొద్దు. గానీ బావూ, పైడితల్లి బతికున్నప్పుడు ఈళ్లు రెండేపులా సూసి దాటీవోరు. దెయ్యమయ్యాక అసలు దాటడమే మానీసినారు. ఇప్పుడో, పట్టాల మద్దిన నిలబడి కళ్లు మూసుకుని దండాలెడతన్నారు."

"ఏటి సామ్యేలూ, మా అమ్మోరికి గిరాకీ పెరిగిందని కుళ్లా?" అని నవ్వేశాడు త్రినాథరావు.

ఆ వారంలోనే, పిక్కలు కొట్టే నాగమణి అలాగే దండం పెడుతుండగా వంపులోంచి గూడ్సు వచ్చింది. సామ్యేలు కేకకు పక్కకు దూకింది. కారేజీ నుజ్జయింది. వెనక తలుపులో నిలబడి త్రినాథరావు అంతా చూశాడు.

ఆడవాళ్లు మాత్రం పొంగిపోయారు. "ఓలమ్మా, పేరంటాలే తోసీసినాదే!" మర్నాడు నాగమణి తన చంటిదాన్ని కూడా చంకనేసుకుని పట్టాల మీదుగానే మొక్కు తీర్చడానికి వచ్చింది. ఆ పిల్లను చూశాక త్రినాథరావుకు అన్నం సయించలేదు.

"సుట్టూ తిరిగి రండి. ఆలీసమైనా ఏటీ అన్ను" అని అందరికీ చెప్పాడు.

"రాయి ఏయించింది మీరే, బయపడతన్నదీ మీరేనా బావూ?" అని నాగమణి అంటే షెడ్డంతా గొల్లున నవ్వింది.

అసిరమ్మను పక్కకు పిలిచాడు. "నీ మీదికి కోడలొచ్చినట్టు ఊగి, పట్టాలు దాటొద్దని ఒక్కమాట సెప్పు. నీ మాటయితే ఇంటారు."

అసిరమ్మ అతని మొహంలోకి చూసింది. "సచ్చినదాన్ని నీ పనికోసం ఒకపాలి నిలబెట్టినావు. నాకు తెల్దనుకున్నావేటి? తెలిసే, దానికి సోటు దొరుకుతాదని ఊరుకున్నాను. ఇప్పుడు దాని నోట అబద్దం కూడా పలికించమంటావేటి? నా వల్ల కాదు."

త్రినాథరావుకు ఇక బేరమాడటానికేమీ మిగల్లేదు. ఆ సాయంత్రమే తాపీమేస్త్రీని పిలిచి వెనక తలుపు ఊడదీయించి, ఆ ఖాళీని ఇటుకలతో మూయించాడు. కట్ట దిగినా షెడ్డులోకి దారి లేదు. పెద్ద తలుపు లెవెల్ క్రాసింగు వైపుంది. పొద్దెక్కాకే పని మొదలని చెప్పి, ఎండకు సరిపడా పిక్కలే కాల్పించాడు. ఆడవాళ్లు వారం పాటు తిట్టుకుని, క్రాసింగు దారికి అలవాటు పడ్డారు.

అసిరమ్మ మాత్రం తిట్టలేదు. "మరి నా కోడలికి పసుపో?" అని అడిగింది.

"పనయ్యాక ఈ పక్కనుంచే ఎల్దాం. నానూ వత్తాను."

గోడ చుట్టూ ముళ్లకంపలు తొక్కుకుంటూ ఇద్దరూ కట్ట కిందికి వెళ్లారు. ఆమె రాయికి పసుపు రాస్తున్నంతసేపూ త్రినాథరావు రాయికి వీపు పెట్టి, వంపు కేసి చూస్తూ నిలబడ్డాడు.