మూడో చరణం

కుర్చీలు అడుగున పెడితే దుప్పటి పైకొస్తుంది, దుప్పటి పైనుంటే దిగగానే పరిచి చోటు పట్టుకోవచ్చు, కాని వచ్చేటప్పుడు ముందు మడిచేది దుప్పటే కనక అది అడుక్కి పోతుంది, మళ్ళీ తీసి పక్కన పెట్టాలి, అయినా ఇంకా బయల్దేరనైనా లేదు, వచ్చేటప్పటి సంగతి ఇప్పుడెందుకు? లొరేన్ ఐస్ పెట్టె పట్టుకుని కారు డిక్కీ ముందు అలాగే నిలబడిపోయింది. ఎక్కడికి బయల్దేరినా ఆమె మనసు ముందుగా తిరుగు ప్రయాణం కట్టేస్తుంది. పెళ్ళి విందులో కూర్చుంటే కళ్ళు కోట్లు తగిలించిన కొయ్య మీదే ఉంటాయి. చర్చిలో ఆఖరి కీర్తన ఎత్తుకునేసరికి చేతిసంచి ఒళ్ళోకి వచ్చేస్తుంది. చాలాకాలం అది తన స్వభావమే అనుకుంది. ఈమధ్యే, గిన్నెలు తోముతూనో బట్టలు మడుస్తూనో, పెళ్ళికి ముందు తాను ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే ఒక విషయం తట్టింది. పదహారేళ్ళప్పుడు సినిమా హాల్లో దీపాలన్నీ వెలిగి, ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో వచ్చేదాకా కుర్చీలోంచి లేచేది కాదు. ఆ పిల్ల ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో మాత్రం గుర్తు రాలేదు.

"లొరేన్! రిమోట్ ఎక్కడ పెట్టావ్?" లోపలినుంచి వెర్నన్ కేక.

"నీ పక్కనే ఉంది."

"కనబడటం లేదు."

ఐస్ పెట్టె కింద పెట్టి లోపలికి వెళ్ళింది. వెర్నన్ మోకాలికి ఆపరేషన్ అయింది. కాలు స్టూలు మీద చాపుకుని, ముఖం మాత్రం చాలా ఆరోగ్యంగా పెట్టుకుని కూర్చున్నాడు. రిమోట్ అతని తొడ కింద ఉంది. తీసి చేతికిచ్చింది. సూప్ పొయ్యి మీద ఉందనీ, వెలిగించక్కర్లేదు, వేడిగానే ఉందనీ, రాత్రి మాత్రలు చిన్న గిన్నెలో ఉన్నాయనీ, గిన్నె సూప్ పక్కనే ఉందనీ చెప్పింది. అతను తలూపాడు, టీవీ వైపే చూస్తూ.

"ఆఖరి పాట ముందే లేచెయ్. ఆ పార్కింగ్ సంగతి నీకు తెలుసుగా."

"అలాగే," అంది. అతని మాట పూర్తిగా చెవిన పడకముందే నోటినుంచి వచ్చేసింది.

చెడ్డవాడు కాదు. ఆ మాట ఆమె తనకి తాను తరచూ చెప్పుకుంటుంది. చెయ్యెత్తినవాడు కాదు, తాగినవాడు కాదు. ప్రతి వేసవీ మిల్వాకీలో సరస్సు ఒడ్డున పార్కులో జరిగే నాటకాల పాటల కచేరీకి, తనకి ఆ పాటలంటే బొత్తిగా ఇష్టం లేకపోయినా, తీసుకెళ్ళేవాడు. తన వేన్‌లో ఆమె స్నేహితురాళ్ళనీ ఎక్కించుకునేవాడు. "అంతకంటే మొగుడేం చెయ్యాలే?" అనేది వాళ్ళలో ఒకతె, ట్రూడీ. నిజమే. ఆఖరి పాట ముందర మాత్రం లేచి నిలబడి తాళాలు గలగలలాడించేవాడు. అందరూ లేచేవారు. చీకట్లో గడ్డి మీద కాళ్ళు తట్టుకుంటూ, ఎవరి కాళ్ళో తొక్కి క్షమించమంటూ, లొరేన్ చేతుల్లో కుర్చీలు, భుజాన ఐస్ పెట్టె. వేన్ తలుపులు మూసుకునేలోగా వెనకనుంచి ఆ పాట గాలి ఎటు వీస్తే అటు ముక్కలుగా వినబడేది.

ఆ పాట ఒక పడవరేవు ఊరి నాటకంలోది. రేవులో టికెట్లు అమ్మే ఆడమనిషి పాడుతుంది. ఆ సంగీతం కట్టినవాడు ఈ ఊరివాడు కనక ఇక్కడి వాద్యబృందం ఏ ఏడు ఏ పాటలు వాయించినా దాంతోనే ముగిస్తుంది. లొరేన్ ఆ రికార్డు పదహారేళ్ళప్పుడు లైబ్రరీనుంచి తెచ్చుకుని, గడువు తీరినా ఇవ్వకుండా వాయించి వాయించి గీతలు పెట్టింది. తర్వాత తనదే ఒకటి కొనుక్కుంది. మొదటి ప్రదర్శనలో ఆ పాత్ర వేసి, రికార్డులోనూ పాడిన ఆవిడ రెండో చరణంలో ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో లొరేన్‌కి తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో అంట్లు తోముతూ ఆ పాట పాడుకుంటుంటే అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చాలా నెమ్మదిగా, ప్రేమగా కూడా, "మా ఇంట్లో ఎవరికీ పాడే అలవాటు లేదమ్మా" అంది. అప్పటినుంచి లోపల పాడుకుంటుంది. లోపల పాడుకునే పాటకి ఒక సుఖం ఉంది, ఎప్పుడూ అపశ్రుతి పడదు.

రికార్డులో ఆ పాటకి రెండు చరణాలే ఉన్నాయి. మూడోది ఉందనీ, రికార్డులో చోటు చాలక వదిలేశారనీ, వేదిక మీద మాత్రం పాడతారనీ ఆమెకి తెలిసి చాలాకాలమైంది. తెలిసిన రోజున ఆ మాట వెర్నన్‌తో భోజనాల దగ్గర చెప్పింది. ఒక్కసారి చివరిదాకా ఉందామని అడగడానికి ముందుమాటగా చెప్పింది. అతను ఉప్పు అందుకుంటూ, "రెండు చరణాల్లో చెప్పలేనిది మూడోదాంట్లో ఏం చెబుతాడు?" అన్నాడు. ఆ మాటకి ఆమె కూడా నవ్వింది. బాగా అన్నాడనిపించింది. రాత్రి పక్క మీద పడుకున్నాక గాని తాను అడగబోయింది అడగనే లేదని తట్టలేదు. ఆ తర్వాతా అడగలేదు. ఒక మనిషిని హింసించడానికి పెద్ద మాటలక్కర్లేదనీ, నవ్వొచ్చే మాటైతే ఇంకా బాగా పనిచేస్తుందనీ, ఎందుకంటే నవ్విన తర్వాత ఫిర్యాదు చేసే హక్కు పోతుందనీ ఆమెకి అప్పట్లో తెలియదు.

పార్కుకి ముందుగా చేరింది లొరేనే. ఎప్పుడూ అంతే. వేదికకి ఎదురుగా, నేల కాస్త వాలుగా ఉన్నచోట దుప్పటి పరిచి, నాలుగు మూలలా చెప్పులూ డబ్బాలూ పెట్టి, ఎండలో కాపలా కూర్చుంది. ట్రూడీ, బెర్నా నీడ పడ్డాక బస్సులో వచ్చారు, తిరిగి వెళ్ళడం మాత్రం లొరేన్ కార్లోనే. హైస్కూల్లో ముగ్గురూ కలిసి నాటకాల్లో కోరస్ పాడేవారు. ట్రూడీ మొగుడు పోయి రెండేళ్ళయింది. బెర్నా ఇప్పటికీ ఆసుపత్రిలో రక్తపరీక్షల దగ్గర పనిచేస్తోంది. ఇద్దరూ చేతిసంచి తప్ప ఏమీ తేకుండా వచ్చి మడత కుర్చీల్లో కూర్చుని కాళ్ళు చాపారు.

"అబ్బ, లొరేన్ ఉంటే మనకి దిగులు లేదే," అంది ట్రూడీ, సాసేజ్ రొట్టె కొరుకుతూ. "ఇందులోకి ఆవముద్ద తేలేదూ?"

"నీ చేతి పక్కనే ఉంది."

"ఓ, నిజమే." నవ్వింది. "వెర్నన్ లేకుండా మొదటిసారి కదూ? విధవ ప్రాక్టీసు చేస్తున్నావన్నమాట."

"ఛీ, అవేం మాటలే!" అంది బెర్నా. "దోమల మందు ఇటివ్వు లొరేన్. కాళ్ళకి కూడా కొడతావా కాస్త, నేను వంగలేను."

లొరేన్ వంగి ఆమె కాళ్ళకి దోమల మందు కొట్టింది. కొడుతూ తాను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్ గుర్తొచ్చింది. అక్కడ అందరి పుట్టినరోజులకీ కేకు తెచ్చేది తనే. కోసేది తనే. అందరూ వెనక గదిలో పాడుతూంటే, ఫోను ఎవరో ఒకరు చూడాలి కనక ముందు బల్ల దగ్గర ఉండేదీ తనే. తన పుట్టినరోజుకి మాత్రం ఈ ఏడు కేకు లేదు. ఎవరూ మరిచిపోలేదు, పాపం. "నువ్వు తెస్తావేమో అనుకున్నాం," అన్నారు. అప్పుడు కోపం రాలేదు. ఇప్పుడు, బెర్నా పిక్కల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఎందుకో చాలా శుభ్రమైన, చల్లని కోపం వచ్చింది. అది బెర్నా మీద కాదని తెలిసి, ఎవరి మీదో తెలియక, రెండో కాలికి కూడా మందు కొట్టింది.

పొద్దు వాలాక కచేరీ మొదలైంది. సరస్సు మీదనుంచి చల్లగాలి. పాత పాటలొస్తుంటే చుట్టూ గడ్డి మీద జనం గొంతు కలుపుతున్నారు. ట్రూడీ గట్టిగా, సిగ్గు లేకుండా, పక్క దుప్పటివాళ్ళ కేసి చెయ్యూపుతూ పాడుతోంది. లొరేన్ పెదవులు కదిపింది. పాటలమధ్య ఖాళీలో డబ్బాలకి మూతలు పెట్టింది. అలంకారం, దీపాలు, గాయకుల ఎర్ర కోట్లు అన్నీ చూస్తూనే ఉంది, ఆనందిస్తూనే ఉంది, అయినా ఆమెలో ఒక మనిషి పక్కకి కూర్చుని ఇంకెన్ని మిగిలాయో లెక్క చూసుకుంటూనే ఉంది.

ఆఖరి పాట ముందు వాద్యాలవాళ్ళు కాగితాలు తిప్పుకున్నారు. ఆ చిన్న గలగలకి లొరేన్ లేచి నిలబడింది. బెర్నా కాళ్ళు ఎత్తించి దుప్పటి లాగింది, నాలుగు మడతలు పెట్టింది, చంకన పెట్టుకుంది. తన కుర్చీ మడిచింది. ఐస్ పెట్టె పట్టీ భుజాన వేసుకుంది. ట్రూడీ, బెర్నా అలవాటుగా లేచారు. వాళ్ళ కుర్చీలు కూడా లొరేన్ మడిచి చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు గమనించింది. వెర్నన్ ఇక్కడ లేడు. తాళాలు ఎవరూ గలగలలాడించలేదు. కారు తాళాలు తన జేబులోనే ఉన్నాయి. అతను ఇంట్లో కాలు చాపుకుని సూప్ తాగుతున్నాడు. ఇక్కడ మడిచింది, ఎత్తింది, భుజానికి తగిలించింది తన చేతులే. అతను రాకపోయినా జరగాల్సింది జరిగిపోయింది. ఇన్నాళ్ళూ తనని లేపేవాడు బయట ఉన్నాడనుకుంది.

వేదిక మీద గాయని ముందుకొచ్చింది. క్లారినెట్ మొదలైంది.

"పదవే," అంది ట్రూడీ. "ఇంకో నిమిషం ఆగామంటే ఆ గేటు దగ్గర తెల్లారుతుంది."

"నేను ఉంటాను," అంది లొరేన్.

"ఏంటి?"

"ఇది వినాలి. మూడో చరణం ఉంది దీనికి."

"అయ్యో తల్లీ, నీ దగ్గర రికార్డుందిగా! ఇంటికెళ్ళి పెట్టుకో, వందసార్లు విను. నా నడుం పట్టేసింది."

"రికార్డులో లేదు."

"నాకు రేపు పొద్దున ఆరింటికి డ్యూటీ," అంది బెర్నా, తప్పు చేసినదానిలా.

ఇద్దరి మాటల్లోనూ అబద్ధం లేదు. ట్రూడీ నడుం నిజంగానే పట్టేస్తుంది. బెర్నా నిజంగానే చీకటుండగా లేవాలి. వెర్నన్‌కీ పార్కింగ్‌లో నిజంగానే తలనొప్పి వచ్చేది. అందరికీ నిజమైన కారణాలుంటాయి, తనకి మాత్రం ఒక చరణం ఉంది, ఆ రెంటినీ త్రాసులో పెడితే చరణం ఎప్పుడూ తేలిపోతుంది. ఆ త్రాసు కూడా తనే పట్టుకుంటుంది. లొరేన్ ఒక చేతి కుర్చీలు రెండో చేతికి మార్చుకుని, జేబులోంచి తాళాలు తీసి ట్రూడీకి ఇచ్చింది.

"కార్లో కూర్చోండి. పాటయ్యాక వస్తాను."

ట్రూడీ తాళాల కేసి, ఆమె ముఖం కేసి చూసింది. "ఓహో. మహారాణిగారికి ఇవాళ మనం డ్రైవర్లం," అంది. నవ్వుతూనే అంది గాని నవ్వు సగంలో ఆగింది. బెర్నా ఏదో అనబోయి, ఆమె భుజం తట్టి, ట్రూడీ వెనక నడిచింది. ఎవరి చేతిసంచి వాళ్ళు పట్టుకెళ్ళారు. అంతే పట్టుకెళ్ళారు.

మొదటి చరణం నడుస్తోంది. లొరేన్ ఆ బరువంతా మోసుకుంటూ గడ్డి మధ్య నిలబడే వింది. కూర్చోవాలంటే మడిచిందంతా మళ్ళీ విప్పాలి, విప్పితే మళ్ళీ మడవాలి. వాళ్ళు కార్లో తనని ఏమనుకుంటుంటారో ఊహించుకుంటోంది, ట్రూడీ గొంతుతో సహా. ఆ గొంతు వింటూ రెండో చరణంలో సగం పోగొట్టుకుంది. ఒక్క అడుగు గేటు వైపు పడింది కూడా.

"ఏమమ్మా," వెనకనుంచి ఎవరో ముసలాయన విసుక్కున్నాడు. "ఉంటే కూర్చో. పోతే పో. మధ్యలో నిలబడితే మాకేం కనబడుతుంది?"

లొరేన్ కూర్చుంది. కుర్చీ విప్పలేదు, దుప్పటి పరవలేదు. ఉన్నచోటే గడ్డి మీద, సామాను మధ్య కూలబడింది. మంచు పట్టిన గడ్డి తడి ప్యాంటులోంచి ఒంటికి తగిలింది.

మూడో చరణం వచ్చింది. చిన్నది. మొదటి రెండింటిలో ఆ టికెట్ల మనిషి పడవ కోసం చూస్తుంది. ఇందులోనూ చూస్తుంది. పడవ ఇంకా రాలేదు. వాన పడేలా ఉంది, కిటికీ తలుపు వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తుంది. అంతే. పెద్ద సత్యమేదీ లేదు. గాయని ఒకచోట శ్రుతి కొద్దిగా తప్పింది, సర్దుకుంది. లొరేన్ ఊపిరి బిగబట్టి ఇంకేదో వస్తుందని చూసింది, రాలేదు. వెర్నన్ అన్నది నిజమే. రెండింటిలో చెప్పనిది మూడోదాంట్లో ఏమీ చెప్పలేదు. కాని ఆ సంగతి ఇన్నేళ్ళూ అతను చెబితే ఆమెకి తెలుసు. ఇప్పుడు తాను విని తెలుసుకుంది. ఆ రెండు తెలియడాల మధ్య ఎంత దూరముందో, ఆ దూరంలో తన వయసు ఎంత పోయిందో ఆమెకి కనబడింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు.

పాట ఆగింది. జనం లేచారు, చప్పట్లు కొట్టారు, కొడుతూనే చెప్పులు వెతుక్కున్నారు, కొడుతూనే గేటు వైపు కదిలారు. ఈ చప్పుడు ఆమెకి ఎప్పుడూ వీపు వెనకనుంచే తెలుసు. చూస్తుండగానే పలచబడింది. వేదిక మీద వయొలిన్ల వాళ్ళు పెట్టెలు మూసుకుంటున్నారు. గాయని మాత్రం ఇంకా నిలబడి, ఖాళీ అవుతున్న గడ్డి కేసి చూస్తోంది.

ఐస్ పెట్టె పట్టీ ఇంకా భుజానే ఉంది. లొరేన్ దాన్ని తీసి పక్కన పెట్టింది. చేతులు రెండూ ఒకసారి ఒళ్ళో చూసుకుంది. తర్వాత వాటిని పైకెత్తి, అందరూ ఆపేశాక, ఒక్కతే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.