చప్పిడి ముక్కు తోడు

"ఆవిడ చెయ్యి పెద్దదా, చిన్నదా?" అని తుపాకుల కొట్టాయన రాయిస్‌ను అడిగాడు.

ఆవిడంటే వెల్డా. ఆవిడ అక్కడే ఉంది. గాజుబల్ల మీద రెండు చేతులూ ఆనించి, మొగుడి పక్కనే నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఇంటెడు చాకిరీ చేసి, పదమూడేళ్ళుగా మంచాన పడ్డ ముసలివాళ్ళకి స్నానాలు చేయించి కాయలు కాచిన ఆ చేతులు కొట్టాయన కళ్ళెదురుగానే ఉన్నాయి. ఓసారి కిందకి చూస్తే సరిపోయేది. చూడలేదు. రాయిస్ కూడా చూడలేదు, కానీ జవాబు మాత్రం చెప్పాడు. "చిన్నదేలే."

కొట్టాయన అలమర తెరిచి పొట్టి రివాల్వర్ ఒకటి తీశాడు. అరచేతిలో ఇమిడిపోయేంత, గొట్టం మొదట్లోనే కోసేసినట్టు చప్పిడి ముక్కుతో ఉంది. పిడి గులాబీ రంగు. "ఆడవాళ్ళందరూ ఇదే పట్టుకెళ్తారు బాబూ. దూదిపింజంత తేలిక. హ్యాండ్‌బ్యాగులో లిప్‌స్టిక్ పక్కన పడుంటుంది. ఐదు తూటాలు పడతాయి" అన్నాడు. రాయిస్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "బావుంది, ఇచ్చెయ్యి. పని మీద ఒంటరిగా ఇళ్ళకి తిరుగుతుంది. అసలే రోజులు బాగాలేవు" అన్నాడు.

రోజులు బాగాలేకపోవడం! వెల్డాకి మొహం మీద వేణ్ణీళ్ళు పోసినట్టయింది. బాగాలేనిది గ్యారీ హాస్కెల్. ఆ సంగతి రాయిస్‌కి తెలుసు. తెలిసీ ఆ నెపం రోజుల మీదికి తోశాడు, తను పక్కన నోరు మూసుకుని తలాడించింది. అబద్ధంలో తనకీ సగం వాటా ఉన్నట్టే అనిపించి, కొట్టులోంచి బయటికొచ్చేదాకా తలెత్తలేదు.

అంతకు మూడు వారాల ముందు జరిగింది అది. గ్యారీ తండ్రికి పక్షవాతం. వారానికి మూడు రోజులు వెల్డా వెళ్ళి ఆయనకి ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, గుడ్డలు ఉతికి పెట్టి వస్తుంది. ఆ మంగళవారం బట్టలుతికే యంత్రం ఉన్న ఇరుకు గదిలో వంగి తడి దుప్పట్లు తీస్తుంటే వెనక తలుపు మూసుకుంది. గ్యారీ రెండు చేతులతో నడుం పట్టుకుని, మెడ మీద మొహం ఆనించి, "ముసలాడికేనా నీ సేవలన్నీ?" అన్నాడు. వెల్డా కదల్లేదు. అరవలేదు. ఆ మాటకొస్తే అసలేమీ చెయ్యలేదు, ఒక్క పని తప్ప. "సారీ" అంది. "సారీ గ్యారీ, నేను వెళ్ళాలి" అంది. బళ్ళో ఎవరైనా కాలు తొక్కినా, కొట్లో ఎవరి సామాన్ల బండి తనకి తగిలినా, సారీ తనే చెప్పాలని చిన్నప్పటి నుంచీ ఆ ఊరి ఆడపిల్లలకి నేర్పిస్తారు. బుద్ధిగా నేర్చుకున్న పాఠం కదా, ఆ వేళప్పుడు కూడా నోటికి అదే వచ్చింది. వాడు చేసిన పని ఒక ఎత్తు, తను అన్న ఆ మాట ఒక ఎత్తు. రోజూ గిన్నెలు తోముతున్నప్పుడు వాడి చేతులకన్నా ముందు ఆ మాటే గుర్తొచ్చి, కుళాయి దగ్గర ఒక్కతే సిగ్గుతో చితికిపోయేది.

రాయిస్‌కి ఆ సాయంత్రమే చెప్పింది. అన్నం మానేస్తాడేమో, ట్రక్కు తాళాలు తీసుకుని ఇప్పుడే బయల్దేరతాడేమో, ఎలా ఆపాలిరా దేవుడా అని కూడా అనుకుంది పిచ్చిమొహం. రాయిస్ మొక్కజొన్న రొట్టె తుంచుకుని, "గ్యారీనా? వాడికి రెండు బీర్లు పడితే ఒళ్ళు తెలీదు. చెడ్డవాడు కాదే" అన్నాడు. ఇద్దరూ కలిసి జింకల వేటకి అడవి కౌలుకి తీసుకుంటారు, పదకొండేళ్ళ స్నేహం. ఇంకో రొట్టె అయ్యాక మాత్రం ఏదో తోచినట్టు, "నీకో తుపాకీ కొందాం" అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసే లేదు. వాడేం చేశాడు, నువ్వేం చేశావు, నొప్పి పుట్టిందా, భయమేసిందా అని అడగలేదు. అడిగితే సారీ అన్న సంగతి చెప్పాల్సొస్తుందని వెల్డా కూడా బతికిపోయాననుకుంది.

ఇళ్ళకి పనివాళ్ళని పంపే ఆఫీసులో ట్రూడీకి కూడా చెప్పింది. ట్రూడీ ఒక్కతే ఆడది ఆ ఆఫీసులో, మంచిదే. "అయ్యో తల్లీ" అంది. ఆ తర్వాత, "ఆ ఇంటికి పంపడానికి ఇంకో మనిషి లేదు. ఓ మూడు నాలుగు వారాలు నిన్ను అక్కడికి పంపను, తర్వాత చూద్దాం" అంది. మా ఆయన తుపాకీ కొనిస్తానంటున్నాడని వెల్డా చెబితే, ట్రూడీ రెండు చెవులూ మూసుకుని, "పనిలోకి తుపాకీ తేకూడదని రూలు. ఆ మాట నేను వినలేదు" అని, వెల్డా లేచి వెళ్తుంటే వెనకనుంచి, "చిన్నదైతే మంచిది" అంది.

గులాబీ పిడి రివాల్వర్‌తో ఆ శనివారమే కొట్టు వెనక మట్టిదిబ్బ దగ్గర రాయిస్ ఆమె చేత కాల్పించాడు. తేలిక వస్తువు కదా, దెబ్బంతా చేతికే వచ్చింది. మూడో తూటాకి బొటనవేలి మొదట్లో చర్మం చిట్లింది. నాలుగోసారి పేల్చకముందే కళ్ళు మూసేసుకుంది. చుట్టూ ఉన్న మగాళ్ళు వినేలా రాయిస్, "మా ఆవిడ ప్రార్థన చేసుకుని మరీ పేలుస్తుంది" అని నవ్వాడు. మర్నాడు చర్చిలో పాటల పుస్తకం కూడా పట్టుకోలేకపోయింది.

గురువారం పని ముగించుకుని, గులాబీ పిడిది మార్చుకుందామని ఒక్కతే కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూసి, "ఆయన రాలేదా?" అన్నాడు.

"చెయ్యొచ్చింది. అది చాలదా?" అంది వెల్డా. అనేశాక తనకే ఆశ్చర్యమేసింది.

అలమరలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టించింది. ఒక్కోటి ఎత్తి, పట్టుకుని, కాసేపు చెయ్యి చాపి ఉంచి, కిందపెట్టింది. పుచ్చకాయలు కొట్టి చూసే మనిషిలా తీరిగ్గా చూసింది. చివరికి వరస చివర్లో ఉన్న పాతది ఒకటి నచ్చింది. అదీ చప్పిడి ముక్కుదే, ఐదు తూటాలదే, కాకపోతే ఉక్కుది. నల్లగా, పిడి దగ్గర కాస్త అరిగి, చేతిలో నిండుగా ఉంది. "అది బరువు తల్లీ, నువ్వు మొయ్యలేవు" అన్నాడు కొట్టాయన. "మూడొందల పౌండ్ల మనిషిని మంచం మీద ఒక్కదాన్నే పక్కకి తిప్పుతాను. దీన్ని మోస్తాలెండి" అంది వెల్డా. ఆయన తూటాలిచ్చి, వెనకనున్న మట్టిదిబ్బ దగ్గరికి తీసుకెళ్ళాడు. బరువే దెబ్బని మింగేసింది. ఐదూ కళ్ళు తెరుచుకునే పేల్చింది, నాలుగు గురి అట్ట మీదే పడ్డాయి. ఈ ఇరవై రెండేళ్ళలో ఇంట్లోకొచ్చిన ఫ్రిజ్జు, పరుపు, కర్టెన్లు అన్నీ రాయిస్ చూసినవో, వాళ్ళమ్మ చూసినవో. తన చేతినే అడిగి తను కొనుక్కున్న వస్తువు ఇదొక్కటే. ట్రక్కులో ఇంటికొస్తూ పాట పాడుకుంది. సగం దారిలో, ఇంతకీ ఇది ఎందుకు కొన్నట్టు అని గుర్తొచ్చి పాట ఆపేసింది. గ్యారీ ఇంటికి మళ్ళీ వెళ్ళడానికి తనంతట తానే సామాను సర్దుకున్నట్టయింది. ఆ సంతోషం దొంగ సొమ్ములా అనిపించి సిగ్గుపడింది.

"మార్చమని నిన్నెవరడిగారు?" అన్నాడు రాయిస్. ఆ తర్వాత దాన్ని చేతిలో తూచి, "సర్లే, ఇప్పుడు నీకు తోడుంది. ఇంకేం భయం? ఒంటి మీదే ఉంచుకో. చర్చికైనా సరే, అలవాటవ్వాలి" అన్నాడు.

అలా ఆ ఆదివారం, నడుం పట్టీలో తోడుని బిగించుకుని, చిక్కుడుకాయల కూర గిన్నె పట్టుకుని చర్చికి వెళ్ళింది. ప్రార్థనయ్యాక అందరూ తెచ్చిన వంటలు హాల్లో పొడుగు బల్లల మీద పెట్టారు. ఆడవాళ్ళు వడ్డిస్తున్నారు. మగవాళ్ళు కూర్చున్నారు. గ్యారీ ప్లేటు చాపితే వెల్డా కూర వేసింది. "ఇంకాస్త" అన్నాడు వాడు నవ్వుతూ. ఇంకాస్త వేసింది. వేస్తూ వంగినప్పుడు నడుం దగ్గర ఏదో వెలితిగా తోచింది. బరువు లేదు.

వడ్డనకి ముందు టాయిలెట్‌కి వెళ్ళింది. కూర్చోవాలంటే పట్టీలోంచి తీసి పక్కన పెట్టాలి కదా. గోడకున్న కాగితం చుట్ట పెట్టె మీద పెట్టింది. అక్కడే వదిలేసింది. ఆ టాయిలెట్‌కి అవతలి గదిలోనే చిన్నపిల్లల ఆదివారం బడి. గరిటె ఎవరి చేతికిచ్చిందో తెలీదు, పరిగెత్తింది. పెట్టె మీద ఏమీ లేదు. నేలంతా వెతికింది, చెత్తబుట్ట తిరగేసింది. పిల్లల గదిలోంచి కేరింతలు వినిపిస్తుంటే గోడకి ఆనుకుంది. ఏ పసిదాని చేతికైనా చిక్కి ఉంటే? దేవుడా, ఈ ఒక్కసారికి నన్ను కాపాడొద్దు, వాళ్ళని చూడు అనుకుంది.

"నీ గిన్నె మర్చిపోయావమ్మాయ్" అని వినిపించింది. వంటగది గుమ్మంలో అత్తగారు ఒలీటా నిలబడి ఉంది. చేతిలో ఖాళీ గిన్నె ఒకటి, గిన్నె మీద తువ్వాలు, తువ్వాలు కింద రివాల్వర్. "తూటాలు తీసేశాలే. ఏడవకు. ఎవరూ చూడలేదు, నీ వెనకాలే టాయిలెట్‌కి నేనే వెళ్ళాను కాబట్టి సరిపోయింది."

"సారీ అమ్మా. సారీ" అంది వెల్డా. మళ్ళీ అదే మాట.

ఒలీటా ఆమెని వంటగదిలోకి లాక్కుని తలుపు మూసి, కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో, "ఎవడు?" అని అడిగింది.

నెల రోజుల్లో వెల్డాని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఇన్నాళ్ళూ కూరలో ఉప్పు గురించీ, రాయిస్ చొక్కాల ఇస్త్రీ గురించీ తప్ప అడగని మనిషి! వెల్డా చెప్పింది. తలుపు, దుప్పట్లు, మెడ, అన్నీ చెప్పింది. తను సారీ అన్న సంగతి కూడా చెప్పేసింది.

"రాయిస్‌కి తెలుసా?"

"తెలుసు."

"తెలిసి?"

వెల్డా గిన్నె వైపు చూసింది.

ఒలీటా పళ్ళు కొరికింది. "మీ మామ కూడా అంతే. నేను కోళ్ళ ఫ్యాక్టరీలో కోతబల్ల దగ్గరుండేదాన్ని. అక్కడా ఇలాంటి మేస్త్రీ ఒకడు. మీ మామ ఇలాంటి పొట్టిదే కొనిచ్చాడు, నేనేదో రాణీననుకున్నాను. పంతొమ్మిదేళ్ళు దాన్ని చంకనేసుకుని అదే బల్ల దగ్గరికి, అదే మేస్త్రీ ముందుకి రోజూ వెళ్ళాను. మా ఆయన వాడితో ఒక్క ముక్క అన్నాడా? అనలేదు. చేపలు పట్టడానికి వెళ్ళేవాడు వాడితో. వాళ్ళ మధ్య స్నేహం చెడకుండా ఉండడానికి నేను బరువు మోశానే అమ్మాయ్." కుళాయి కట్టేసింది. "సిగ్గేసి చచ్చేదాన్ని, ఎవరికీ చెప్పలేదు. నీకే చెబుతున్నాను."

వెల్డా మొహం కడుక్కుంది. రివాల్వర్ తీసి పట్టీలో పెట్టుకుని, తూటాలు జేబులో వేసుకుంది. ఖాళీ గిన్నె అక్కడే వదిలేసి హాల్లోకి నడిచింది. అత్తగారు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

బల్ల దగ్గర గ్యారీ రెండో ప్లేటు తింటున్నాడు. రాయిస్ వాడికి ఎదురుగా కూర్చుని చల్లటి టీ తాగుతున్నాడు. "ఎక్కడా కనబడవే! ట్రూడీ పొద్దున ఫోన్ చేసింది. రేపు తొమ్మిదింటికి హాస్కెల్ గారింటికి వెళ్తావని చెప్పేశాను" అన్నాడు.

"నాన్న నీకోసం తెగ ఎదురుచూస్తున్నాడు వెల్డా" అన్నాడు గ్యారీ, మూతి తుడుచుకుంటూ.

"వస్తుందిలేరా" అన్నాడు రాయిస్.

వెల్డాకి ఆ రెండక్షరాల మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. సిగ్గు ఇంకా పోలేదు. అయినా కుర్చీ లాక్కుని కూర్చోలేదు. ఆ చివరి బల్ల దగ్గరున్న పాస్టరు గారికి కూడా వినబడేంత గొంతుతో చెప్పింది.

"రేపూ వెళ్ళను, ఎల్లుండీ వెళ్ళను. ఎందుకని నన్నడక్కు రాయిస్, గ్యారీని అడుగు. నీ ఎదురుగానే కూర్చున్నాడు."