తాలు పుప్పొడి

“రేపు పొద్దున్నే పచ్చి గంగైనా ముట్టకుండా వెళ్ళాలంట. గుర్తుందా అమ్మాయ్?” అంది సీతారావమ్మ.

మనోజ్ఞ మిక్సీ ఆపకుండానే అత్తగారికి తలూపింది. మరిచిపోవడానికి అదేమన్నా పెళ్ళిరోజా? రేపు ఆమె పొట్టకు మళ్ళీ గాట్లు పెట్టి, కెమెరా దించి, పిల్లలెందుకు పుట్టడం లేదో వెతుకుతారు. మొదటిసారి ఏమీ లేదన్నారు. ఆసుపత్రి మార్చి రెండోసారి చూపిస్తే అక్కడా ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోవడం ఈ ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. మధ్యలో సూదులు, మాత్రలు సరేసరి. మంగళగిరిలో పానకం పోయించారు, గుణదల మేరీమాత కొండెక్కించారు. కోడలి కడుపు దగ్గర మతం కూడా అడ్డురాలేదు. “మా వాడు బంగారం కాబట్టి ఇన్నేళ్ళు ఓపిక పట్టాడు” అని సీతారావమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది, మనోజ్ఞ అందిస్తున్న కాఫీ తాగుతూనే.

బంగారం పేరు జయకృష్ణ. ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపు. డాక్టరమ్మ అతన్ని కూడా పరీక్షకు రమ్మని చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. “నాకెందుకు? మా ఇంటావంటా అలాంటిది లేదు” అన్నాడు. మూత తియ్యని ఆ డబ్బా ఇంకా బీరువా పై అరలోనే ఉంది.

వంట ముగించి, తనకూ భర్తకూ క్యారేజీలు కట్టి, మనోజ్ఞ కంకిపాడు బస్సెక్కింది. బాటనీ ఎమ్మెస్సీ చదివింది. అక్కడొక సీడు కంపెనీ ల్యాబులో పుప్పొడి పరీక్షలు చేస్తుంది. విత్తనం కోసం వేసే మొక్కజొన్న చేలో ఆడ వరుసల మధ్య మగ వరుసలు వేస్తారు. మగపూత నుంచి పుప్పొడి రాలి ఆడ మొక్కల పీచు మీద పడితేనే కండెకు గింజ పడుతుంది.

వెళ్ళేసరికి బసవపున్నయ్య అనే రైతు గుమ్మంలోనే ఉన్నాడు. ఒక చేతిలో గింజల్లేని బోసి కండె, రెండో చేతిలో మగపూత.

“కండెలన్నీ ఇట్టాగే వచ్చినయ్యమ్మా. మీ ఆడ సీడే తేడా. ఒళ్ళు మండి, నిన్న ఆడ లైన్లన్నీ కోయించి గేదెలకేశా.”

“మగ లైను పుప్పొడి చూపించకుండానే కోయించారా బాబాయ్ గారూ?”

“మగదానికేమైందమ్మా? మనిషెత్తున నవనవలాడతా ఉంటేనూ!”

ఆమె మగపూతను గాజు పలక మీద దులిపి, అయోడిన్ చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. నిండు రేణువైతే నల్లబడాలి. పలక ఎటు జరిపినా పాలిపోయి, ముడుచుకుపోయిన రేణువులే. అంతా తాలు.

“పూత వేళ ఎండకు మాడినట్టుందండీ. ఆడ మొక్కలకేం దోషం లేదు. ముందే వచ్చుంటే, ఆలస్యంగా పీచు వేసినవాటికైనా పక్క చేలోంచి పుప్పొడి తెచ్చి రాల్పించేవాళ్ళం.”

“మగదాన్ని చూడాలని తట్టనే లేదమ్మా” అన్నాడాయన, బోసి కండెను పట్టుకుని.

మనోజ్ఞకు ఒళ్ళంతా భగ్గుమంది. ఆయన మీద కాదు. గింజ పట్టలేదని ఎవరొచ్చినా తను ముందు చూసేది మగపూతనే. ఇక్కడ ఉద్యోగం ఇచ్చిందే అందుకు. అదే మనిషి సాయంత్రం ఇంటికి పోయి, నోరు మూసుకుని, ఏ దోషమూ లేదన్న పొట్టను మళ్ళీ కోయించుకోవడానికి సంచి సర్దుకోవాలి. గేదెలకు వేసిన ఆడ మొక్కలకైతే కనీసం నోరు లేదు.

ఇంటికొచ్చాక అత్తగారు, భర్త ఇద్దరి ముందే ఆసుపత్రికి ఫోన్ చేసింది. “రేపు ఆపరేషన్ ఉన్న మనోజ్ఞనండీ. నా పేరు కొట్టెయ్యండి.” బీరువాలోంచి డబ్బా తెచ్చి జయకృష్ణ కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

“మగాడికి పరీక్షలేంటే, సిగ్గు లేకపోతే సరి!” అంది సీతారావమ్మ.

“పిచ్చి పట్టిందా నీకు?” జయకృష్ణ డబ్బాను వేలితో అవతలికి నెట్టాడు. “నేను చేయించుకోను. ఏం చేస్తావ్?”

“మానెయ్యండి. నేనేమీ బలవంతం చెయ్యను” అంది మనోజ్ఞ. “కానీ పిల్లలెందుకు లేరని ఇకమీదట ఎవరడిగినా, మా ఆయన్ని ఇంకా చూడలేదని చెబుతాను.”