ఆగవలసిన చోటు

జొసియాన్ మదామ్ లెయొంటిన్ కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడిగింది. వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దింది. పొయ్యిలో రెండు కట్టెలు వేసి, కోటు గుండీలు పెట్టుకుంటూ గోడ గడియారం చూసింది. తొమ్మిదీ నలభై.

పదకొండు లోపల సొరంగం అవతల ముస్యే ఆన్సెల్మ్ ఇంటికి చేరాలి. పదకొండింటికి ఆయన మేనకోడలు ఆయనను కారులో ఎక్కించుకుని పట్నంలోని వృద్ధుల ఆశ్రమానికి తీసుకుపోతుంది. బయల్దేరే ముందు గడ్డం గీస్తానని జొసియాన్ మాట ఇచ్చింది. గీస్తూ గీస్తూ ఒక సంగతి చెప్పెయ్యాలని తనకు తాను కూడా మాట ఇచ్చుకుంది. నలభై రెండేళ్లుగా గొంతు దాటని సంగతి అది. పట్నం సైకిలు మీద వెళ్లి వచ్చేంత దూరం కాదు, ఆశ్రమంలో గదికి ఇద్దరేసి ఉంటారు. ఇవాళ కాకపోతే ఇక లేదు.

"ఇవాళ్టితో ఆ పక్కకి వెళ్లే బెడద తీరినట్టేగా నీకు," అంది మదామ్ లెయొంటిన్ కిటికీ పక్కన కూర్చుని. "ఇంక ఆ సొరంగంలో గబ్బిలాలే."

"తీరినట్టే."

"గంట మాత్రం కొట్టి వెళ్లు. లేకపోతే అవి నొచ్చుకుంటాయి."

"ఎగతాళి చేయండి. మీ ఆయనా కొట్టేవాడుగా."

"మా ఆయన జన్మలో ఒక్క మాట విన్న పాపాన పోలేదు. ఆ గంట మాత్రం వినేవాడు. పోనీ, ఆన్సెల్మ్‌కి నేను అడిగానని చెప్పు. నాట్యంలో నా కాలు తొక్కాడు, ఇంకా మర్చిపోలేదని చెప్పు."

జొసియాన్ నవ్వి సైకిలెక్కింది.

ఆమెకు అరవై ఒకటి. పొట్టి మనిషి, మణికట్లు మగవాళ్లవిలా దళసరి, సబ్బునీళ్లలో నాని నాని వేళ్ల కొసలు పగిలి ఉంటాయి. సైకిలు కూడా ఆమెలాంటిదే: బరువు, బూడిద రంగు, ఎక్కడా మెరుపు లేదు, ఎప్పుడూ మొరాయించదు. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయించడం, వండి పెట్టడం, పక్కలు మార్చడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా కాలికి బలపం కట్టుకున్నట్టు ఈ లోయలోనే తిరుగుతోంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు ఒక్కొక్కరే పోయారు.

నది పొగమంచులో ఉంది. నీళ్లు కనబడవు, చప్పుడు మాత్రం రోడ్డు పక్కనే నడిచి వస్తుంది. కార్లన్నీ కొండ మీది రోడ్డునే పోతాయి. వేసవిలో రంగురంగుల చొక్కాలు, తలకు శిరస్త్రాణాలు పెట్టుకుని ఊళ్లు తిరిగే సైకిలు జనం వస్తారు, ఇంత ప్రశాంతమైన రోడ్డు ఎక్కడా లేదని మురిసిపోతారు. అక్టోబరు చివరికి వాళ్లూ ఉండరు. ఇక ఈ రోడ్డు మీద జొసియాన్ ఒక్కతే. ఎదురుగా ఎవరో ఒకరు వస్తే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించేది. ఇవాళ అలా అనిపించలేదు. చెప్పవలసిన మాటలు నోట్లో తిప్పుకుంటూ తొక్కింది.

సొరంగం దగ్గరికి వచ్చేసరికి పదీ పదిహేను. ఒకప్పుడు రాళ్ల తోపుడు బళ్ల కోసం తొలిచిన ఇరుకు దారి అది. మూడు వందల మీటర్ల పొడవు, నడిమధ్య వంపు తిరగడం వల్ల ఇటు నుంచి చూస్తే అటు వెలుతురు కనబడదు. రెండు సైకిళ్లు పక్కపక్కన పట్టేంత వెడల్పు కూడా లేదు. అందుకే లోయ వాళ్లకు ఒక కట్టడి ఉంది. లోపలికి దిగే ముందు గంట మూడుసార్లు కొట్టాలి. లోపల ఎవరైనా ఉంటే ఒక్కసారి కొట్టి బదులిస్తారు. బదులు వచ్చిందంటే బయటివాడు సైకిలు దిగి, గోడకు ఒదిగి నిలబడాలి. లోపలి మనిషి బయటికొచ్చి పలకరించి వెళ్లాకే కదలాలి. బదులిచ్చే మనిషి ఏళ్ల తరబడి ఎదురుపడకపోయినా జొసియాన్ రోజూ కొడుతూనే ఉంది.

ఇవాళా కొట్టింది. మూడుసార్లు. పెడలు మీద కాలు పెట్టబోతుండగా లోపలి నుంచి ఒక్క గంట వినబడింది.

తన గంట గోడలకు తగిలి తిరిగొచ్చిందేమో అనుకుంది. కానీ తనది సన్నటి మోత, ఇది మొద్దుగా, కాస్త బీటలు వారినట్టుంది. ఊళ్లు తిరిగే సైకిలువాడెవరో అయి ఉంటాడు. అయితే అలాంటివాళ్లకు ఒక్కసారే కొట్టాలని ఎలా తెలుసు?

దిగి గోడకు ఒదిగి నిలబడింది.

పదీ ఇరవై అయింది. ఎవరూ రాలేదు. మూడు వందల మీటర్లు దాటడానికి ఎంత కుంటినడకకైనా ఐదు నిమిషాలు చాలు. పోనీ వెళ్లిపోదామా అనుకుంది. అనుకున్న మరుక్షణం సిగ్గుతో ఆమె మొహం వేడెక్కింది. విని కూడా ఆగకపోతే ఏమవుతుందో ఈ లోయలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పంతొమ్మిదేళ్ల వయసులో ఆమె సొరంగం అవతల అక్రోట్లు ఒలిచే షెడ్డులో పనిచేసేది. మూడుసార్లు ఆలస్యమైంది, నాలుగోసారికి పొమ్మంటామన్నారు. ఆ ఉదయం గంట కొట్టింది, బదులు వింది, అయినా తల వంచుకుని లోపలికి దూసుకుపోయింది. వంపు దగ్గర ఎవరో మనిషిని గుద్దింది. చీకట్లో తడిమితే ఒక మొహం చేతికి తగిలింది. ఆ మొహం మూలిగింది. ఆమె సైకిలు లేవనెత్తుకుని అవతలి వెలుతురులోకి పారిపోయింది. ఆ రోజు మాత్రం వేళకే షెడ్డుకు చేరింది.

గంటసేపటికి ఎవరో సంచితో సహా ఉత్తరాలు పంచే ఆన్సెల్మ్‌ను మోసుకొచ్చారు. తుంటి విరిగింది. తడి రాళ్ల మీద తనే జారిపడ్డానని ఆన్సెల్మ్ అన్నాడు. ఆ తరువాత ఆయన సైకిలెక్కలేదు, ఉత్తరాల ఉద్యోగమూ పోయింది. షెడ్డు మూతపడి జొసియాన్ ఈ ఉద్యోగంలో చేరిన రోజున, సొరంగం అవతల, ఎవరూ ఒప్పుకోని ఆయన ఇంటి పనిని తనే అడిగి తీసుకుంది.

అప్పటి నుంచి ఆయన మాటలు పడుతూనే ఉంది. "మళ్లీ ఉప్పు మర్చిపోయావ్ పిల్లా, మనసెక్కడ పెట్టావ్?" అనేవాడు. గిన్నె అడుగున మిగిలిన సూపులో వైను ఒంపుకుని ఎత్తి తాగి, మీసం తుడుచుకుని, "చెప్పు, ఏంటి కబుర్లు?" అని రోజూ అడిగేవాడు. ఆమె రోజూ వాన గురించి చెప్పేది.

ఉన్నట్టుండి సొరంగం నోట్లోంచి చల్లగాలి తోసుకొచ్చింది, లోపల మనిషి దగ్గరపడుతుంటే వచ్చినట్టే. దాని వెంట చక్రం టిక్ టిక్ మంటున్న చప్పుడు. ఆ చప్పుడు దగ్గరైంది, ఆమె ఎదుటికొచ్చింది, ఆమెను దాటి పోయింది; మనిషి మాత్రం కనబడలేదు. అంచున ఉన్న నీటిగుంట వణికి మళ్లీ నిలకడకొచ్చింది. రోడ్డు మీద గింజలు ఏరుకుంటున్న పిట్టలు రెండు పాయలుగా విడిపోయి ఎగిరాయి, మధ్యలో దారి ఇచ్చినట్టు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదని ఎవరూ చెప్పలేదు, చూసే ధైర్యం లేక చూడలేదు.

"బోన్‌జూర్," అని పలకరించింది అలవాటు కొద్దీ.

సొరంగమంతా సైకిలు నడిపించుకుంటూ దాటింది.

ఇంటి ముందు కారు ఉంది. వెనక తలుపు తెరిచే ఉంది, సీటు మీద రెండు సంచులు. మేనకోడలు ఎలియాన్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. జొసియాన్‌ను చూసి పక్కకు తప్పుకుంది.

"పోయాడు జొసియాన్. ఇప్పుడే, పదీ ఇరవై అప్పుడు. నేను మేడ మీద దుప్పట్లు సర్దుతున్నా."

ముస్యే ఆన్సెల్మ్ వంటింట్లో తన కుర్చీలోనే ఉన్నాడు. తల ఒక పక్కకు వాలి ఉంది. ప్యాంటు అంచులు చక్రంలో చిక్కకుండా వెనకటివాళ్లు చీలమండలకు తగిలించుకునే ఇనుప క్లిప్పులు రెండు కాళ్లకూ ఉన్నాయి.

"పొద్దున్నే నా చేత సొరుగులన్నీ వెతికించి అవి తీయించాడు," అంది ఎలియాన్. "పిల్ల వస్తోంది, ఎదురెళ్లాలి అన్నాడు. నేనేమో మతి చలించిందనుకున్నా. కుర్చీలోంచి లేవడానికే ఇద్దరు కావాలి, గడప దాటిందెప్పుడు ఆయన?"

జొసియాన్ కోటు విప్పింది, నీళ్లు కాచింది. నురగ చేసి ఆయన చెంపలకు పట్టించింది. చర్మం ఇంకా వెచ్చగానే ఉంది. ఒక చెంప పూర్తి చేసి రెండో చెంపకు వచ్చాక, కత్తి ఆపకుండానే చెప్పింది.

"ఆ రోజు సొరంగంలో మిమ్మల్ని గుద్దింది నేనే. మీ గంట విన్నాను. విని కూడా ఆగలేదు."

వెనక గుమ్మంలో ఎలియాన్ కదిలింది.

"ఆయనకి తెలుసు," అంది.

జొసియాన్ చేయి ఆగిపోయింది.

"చీకట్లో నీ చెయ్యి ఆయన మొహానికి తగిలిందట. అక్రోట్ తొక్కల వాసన. ఆ వేళప్పుడు ఆ షెడ్డుకి ఆ దారిన పోయేది నువ్వొక్కదానివే. మా ఇంట్లో అందరికీ తెలుసు. వెళ్లి నిన్ను నిలదీస్తానని మా అమ్మ కోటు కూడా వేసుకుంది."

"మరి ఎందుకు అడగలేదు?"

"వద్దన్నాడు. నా వంతు గంట నేను కొట్టాను, అటు నుంచి ఆ పిల్ల వచ్చేదాకా ఆగాలి కదా అన్నాడు." ఎలియాన్ కళ్లు తుడుచుకుంది. "నువ్వు ఈ ఇంట్లో పనికి చేరిన రోజు ఎంత సంబరపడ్డాడో. ఇవాళ చెప్తుంది చూడు అన్నాడు. మర్నాడూ అదే అన్నాడు."

పంతొమ్మిదేళ్లు. ఆదివారాలు పోను ప్రతి రోజూ. జొసియాన్ కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయింది. ఏడవడం ఆమెకు సరిగా చేతకాదు. తరువాత లేచి మిగిలిన గడ్డం జాగ్రత్తగా గీసి, తడిగుడ్డతో తుడిచింది. మదామ్ లెయొంటిన్ అడిగిందని చెవి దగ్గర చెప్పింది.

ఒంటిగంటకు డాక్టరు వచ్చి కాగితం రాసిచ్చాడు. మూడింటికి ఇద్దరు మనుషులు వచ్చి ఆయనను లేవనెత్తారు. గుమ్మం ఇరుకు కావడంతో కాళ్లు ఒక పక్కకు తిప్పవలసి వచ్చింది. ఎలియాన్ కారులో వాళ్ల వెనకే వెళ్లింది. జొసియాన్ కిటికీల రెక్కలు ఒక్కొక్కటే మూసి, చీపురు తీసుకుని వంటింట్లోకి వచ్చింది.

కుర్చీ కింద, రాతి నేల మీద, ఒక క్లిప్పు జారి పడి ఉంది. దాని వంపులో అంటుకున్న రోడ్డు బురద ఇంకా తడిగానే ఉంది.