నురగ లేని డబ్బా

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వెనక కార్ల దగ్గర మా బామ్మర్ది గ్లెన్ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"బావా, నేను మానేశాను."

"ఏంటి, చర్చికి రావడమా?"

"బీరు."

మా విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదటిదైతే పాస్టరుగారు చూసుకుంటారు. రెండోదానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకు తెలియదు.

"డాక్టరేమైనా అన్నాడా?" అని అడిగాను.

"ఎవరూ అనలేదు. ఒకదానితో ఆగడం నా వల్ల కాదని నాకే తెలిసింది. వేసవి నుంచీ ముట్టలేదు."

"మంచిదే కదరా. ఇవాళ అందరికీ చెప్పెయ్యి."

"చెప్తే నాన్న ఇంక పెట్టె తెరవడు బావా. నా ఎదురుగా తాగడం బాగోదంటాడు. అమ్మ పోయాక ఆయనకున్న సరదా అదొక్కటే. పోనీ నేను రాకుండా ఉందామంటే, ఎందుకు రాలేదని పెద్దక్క మా ఇంటిమీదికొస్తుంది."

అదీ నిజమే. వాళ్ళ పెదనాన్న కొడుకు బీరు మానేసినప్పుడు, చావింటికి తీసుకెళ్ళినట్టు జనం గిన్నెల్లో నూడుల్సూ బంగాళాదుంపలూ వండుకుని వెళ్ళారు. ఆయన గుమ్మంలో నిలబడి "నేను బతికే ఉన్నాను" అని చెప్పి చెప్పి, చివరికి గిన్నెలు అందుకున్నాడు.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. మా మామగారు ఆర్విన్ పాల లారీ నడిపి రిటైరయ్యారు. రుతువు మారినప్పుడల్లా పక్క ఊళ్ళో బీరు కాచేవాళ్ళు కలగలుపు పెట్టె ఒకటి అమ్ముతారు. అందులో నాలుగు రుచులు, ఒక్కో రుచికి మూడు డబ్బాలు. ఈసారి గుమ్మడికాయ, మేపుల్ చెట్టు పాకం, క్రాన్‌బెర్రీ పళ్ళు, పొగబెట్టిన మాల్టు. మా ఇంట్లో తాగేవాళ్ళూ ముగ్గురే: మామగారు, పెద్ద కూతురు డార్లీన్, కొడుకు గ్లెన్. నా భార్య మార్లీస్‌కి ఆ వాసన పడదు. ఆవిడ పెరట్లో సాసేజీలు కాలుస్తుంది. చర్చిలో కానుకల పళ్ళెం పట్టేవాణ్ణి కనుక నమ్మకస్తుణ్ణని డబ్బాలు తెరిచే పని నాకిచ్చారు. వంటింట్లో మూత తీసి, పేరు కనబడకుండా స్పాంజి తొడుగు తొడిగి అందిస్తాను. ఏ రుచో వాళ్ళు చెప్పాలి. మామగారిది ఆకుపచ్చ తొడుగు, డార్లీన్‌ది ఎరుపు, గ్లెన్‌ది నారింజ.

"నారింజ తొడుగులో నీళ్ళు పొయ్యి బావా. అంతే," అన్నాడు గ్లెన్.

"అబద్ధం అవుతుంది కదరా."

"నువ్వు నోరు విప్పక్కర్లేదు. పొయ్యడమే."

పోస్తే అబద్ధమవుతుందా? మామగారింటికి వెళ్ళే దారి పొడుగునా ఆలోచించాను. తేలలేదు.

మొదటిది గుమ్మడికాయ బీరు. గ్లెన్ వాటా డబ్బాని వంటింటి తొట్టిలోకి ఒంపేశాను. ప్రభువు కానా ఊరి పెళ్ళిలో నీళ్ళని ద్రాక్షారసం చేశాడు. నేను మామగారి వంటింట్లో బీరుని నీళ్ళు చేస్తున్నాను. ఆయన చూస్తుంటే ఏమనుకుంటాడో. డబ్బా బాగా కడిగి, కుళాయి నీళ్ళు పట్టి, తొడుగు తొడిగాను.

డార్లీన్ కళ్ళు మూసుకుని చప్పరించింది. "దాల్చినచెక్క. వెనకాల కాస్త తడిసిన గడ్డి. మేపుల్ బీరే."

"లవంగం," అన్నారు మామగారు. "మీ అమ్మ పండగకి తీపి పై కాల్చిన రోజు వంటిల్లు ఇలాగే ఉండేది. క్రాన్‌బెర్రీ."

గ్లెన్ ఒక గుక్క తీసుకుని నమిలాడు. నీళ్ళని అంత శ్రద్ధగా నమిలిన మనిషిని నేను చూడలేదు.

"దాల్చినచెక్క, లవంగం, పండగ పై," అన్నాడు నెమ్మదిగా. "అమ్మ పై అంటే గుమ్మడికాయే."

"వీడికెలా తెలిసింది?" అంది డార్లీన్.

మేపుల్‌దీ వాడే చెప్పాడు. క్రాన్‌బెర్రీదీ వాడే చెప్పాడు. వాళ్ళిద్దరూ నోటికొచ్చిన రుచులన్నీ చెప్పేదాకా ఆగి, తాగనివాడు తీర్పు చెప్పేవాడు. ఇన్నేళ్ళలో వాడు ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. ఎప్పుడూ ఇంటి దగ్గరే మొదలుపెట్టి వచ్చేవాడు మరి.

నాలుగోది పొగబెట్టిన మాల్టుతో చేసింది. గ్లెన్ అదీ చెప్పేసరికి డార్లీన్ తన డబ్బా బల్లమీద పెట్టింది.

"ఒరేయ్, నాలుగు డబ్బాలు లాగించావు. ఒక్క త్రేన్పు రాలేదేంట్రా?"

గ్లెన్ ప్రయత్నించాడు. వచ్చింది మాత్రం పిల్లి తుమ్మినట్టుంది.

"మూతి మీద నురగ కూడా లేదు. ఆ డబ్బా ఇటియ్యి."

"నా ఎంగిలి నీకెందుకక్కా?"

"చిన్నప్పుడు నువ్వు ఉమ్మిన చాక్లెట్లు తిన్నాను. ఇయ్యి."

గ్లెన్ నా వంక చూశాడు. నేను గోడమీద సిలువ వంక చూశాను. ఈలోగా మామగారు చెయ్యి చాచి నారింజ డబ్బా అందుకున్నారు.

"పెద్దవాణ్ణి నేనున్నాను కదా, నేను చూస్తాను," అన్నారు.

ఒక గుక్క తాగారు. నోట్లో అటూ ఇటూ తిప్పి మింగారు. కొడుకు ముఖం కాసేపు చూశారు. మళ్ళీ తాగారు.

"పొగబెట్టిందే. వీడు చెప్పింది కరెక్టు."

"నన్నూ చూడనీ నాన్నా."

"నీకు జలుబు చేసిందిగా, నీకేం తెలుస్తుంది," అంటూ డబ్బా ఎత్తి పూర్తిగా తాగేశారు. "ఇది బాగుంది. తలకెక్కదు. వాడికీ నాకూ ఇంకోటి పట్రా అల్లుడూ."

"పెట్టె ఖాళీ నాన్నా. అన్నీ తెరిచేశాం," అంది డార్లీన్.

"అల్లుడు చర్చి మనిషే. ఎక్కడినుంచో తెస్తాడులే."

రెండు ఖాళీ డబ్బాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చాను. వెనకాలే చేతికర్ర చప్పుడైంది. మామగారు నా పక్కన నిలబడి, కిటికీలోంచి పెరట్లోని పొగ చూస్తూ అన్నారు:

"చలికాలం పెట్టె వచ్చినప్పుడు కూడా వీడు రావాలి."

"వస్తాడు మామగారూ."

కుళాయి తిప్పి డబ్బా కింద పెట్టబోయాను. ఆయన నా చెయ్యి ఆపారు.

"అప్పుడే పట్టకు. కాసేపు పారనీ. చల్లటివి వస్తాయి."