మూడో సర్వీసు

ఖాసిం వలి కొట్టిన బంతి మళ్లీ వల అడుగునే పడింది. అప్పటికే టెన్నిసు కోర్టులో నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నపు గీతలు వేశాడు. ఇంకా ఎండ రాలేదు. ఎడమచేత్తో బంతి ఎగరేస్తే బ్యాటు వీపు వెనక్కి వాలుతుంది, భుజం లేస్తుంది. సరిగ్గా బంతికి తగిలేముందు మెడ కిందికి దిగుతుంది.

కడపలోని ఆ క్లబ్బులో అతను ఇరవై ఎనిమిదేళ్లుగా మార్కరు. కోర్టు చూసుకోవడం, జత దొరకని దొరతో ఆడడం అతని పని. ఆడడమంటే దొరకు అందేలా బంతి వేయడమే. మోకాళ్ల నొప్పుల తాసీల్దారుకు నడుమెత్తున, ఎడమచేతి ఇంజనీరుకు ఎడమ పక్కన. కొత్త సెక్రటరీగా వచ్చిన పేరున్న ప్లీడరు ఆ బంతులు చూసి నవ్వాడు.

"శుక్రవారం సాయంత్రం నాకు మూడు సర్వీసులు చెయ్. మూడూ నేను తిప్పి కొట్టలేకపోతే ఉండు. లేదంటే మదరాసు నుంచి వేరే మార్కరు వస్తాడు" అన్నాడు.

ఉద్యోగం పోతే క్లబ్బు వెనక గది కూడా పోతుంది. భార్య మదార్ బీ కాపురానికి వచ్చింది ఆ గదికే. కన్న ఇద్దరు బిడ్డలూ పోయింది ఆ గదిలోనే.

ఇవాళ శుక్రవారం.

మదార్ బీ గడపలో కూర్చుని కొర్రబియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"బంతి ఎగరేసి యాడ సూస్తాండావు?"

"బంతినే."

"యాడిది! కిందికి సూస్తాండావు. అవతల ఎవురుండారని? నాకైతే ఆ కాకొకటే కనపడతాది."

ఖాసిం వలి ఆగిపోయాడు. దొర సిద్ధంగా ఉన్నాడో లేదో చూసుకున్నాకే బంతి వేయడం అతని అలవాటు. ఎవరూ లేని కోర్టులో కూడా మెడ అదే పని చేస్తోంది.

"పైకే సూడు. ఆడ దొరలెవురూ ల్యారు" అంది మదార్ బీ.

ఈసారి బ్యాటు తగిలేదాకా గడ్డం దించలేదు. బంతి మూలకు దూసుకుపోయింది. కాకి లేచిపోయింది.

"అది బతికిపాయె! ఇంగ ఆ ప్లీడరు సంగతి సూడు."

మధ్యాహ్నం జుమ్మా నమాజు నుంచి వచ్చాక ఆమె అతని భుజానికి ఆముదం రుద్దింది.

సాయంత్రం పేము కుర్చీలన్నీ నిండాయి. మొదటి సర్వీసుకు సెక్రటరీ బ్యాటు గాలిని కొట్టింది. రెండోదానికి అతను కదలనే లేదు.

"ప్లీడరు గారూ, కేసు జారిపోతాండాది!" అన్నాడు తాసీల్దారు. అందరూ నవ్వారు. సెక్రటరీ చెవులు ఎర్రబడ్డాయి.

మూడో బంతి చక్కగా లేచింది. అంతలో ఖాసిం వలి మెడ దిగింది. వల అవతల సెక్రటరీ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

చెయ్యి దానంతటదే మెత్తబడింది. బంతి నింపాదిగా వల దాటింది. అది నేలను తాకి నడుమెత్తుకు లేచేసరికి సెక్రటరీ అద్దాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. బలంగా తిప్పి కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"బాగా కొట్న్యారు సార్" అన్నాడు ఖాసిం వలి. ఆ మాట కూడా అలవాటుగానే వచ్చింది.

గదిలో మదార్ బీ అడిగింది. "ఏమాయె?"

"దొర అద్దాలు తుడుసుకుంటాండె."

ఆమె అతని ముఖం చూసింది. లేచి గిన్నెలు మూట కట్టసాగింది.

నాలుగో రోజు పొద్దున్నే, కబురందుకుని రాజంపేటలో ఉండే ఆమె అన్న పంపిన బండి గేటు దగ్గర నిలబడింది. ఖాసిం వలి రోజూలాగే కోర్టు తడిపాడు, రోలరు లాగాడు, గీతలు వేశాడు. తర్వాత క్లబ్బు పెట్టె తెరిచి ఒక బ్యాటు, ఒక బంతి తీశాడు. బంతి ఎగరేసి దాన్నే చూస్తూ కొట్టాడు. బంతి అవతలి మూల గీతను తాకి, గోడకు కొట్టుకుని ఆగింది.

తీసుకురావడానికి రెండడుగులు వేశాడు.

"ఎద్దులు నిలబడల్యా, రా!" అని మదార్ బీ పిలిచింది.

అతను బ్యాటు పెట్టెలో పెట్టి, మూత వేసి వెళ్లాడు. గోడ మొదట్లో బంతి, ఒక పక్కన తడి సున్నం అంటుకుని, అలాగే ఉంది.